గెలిచే మనిషి కావలెను

బ్లూ లాంటర్న్ క్లబ్బు యజమానులారా, ఆ క్లబ్బు కట్టే పన్నుతో ఊరి పార్కులో ఫౌంటెను పెట్టించుకుని దాని ముందు నిలబడి ఫొటోలు దిగిన కౌన్సిలు పెద్దలారా, మీరే. వేరే ఎవరూ కాదు. ఆర్లీన్ హకబీని ఓడించిందీ మీరే, గెలిపించిందీ మీరే. ఓడించినందుకు మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పేకాటన్నాక ఓడిపోరా అని ఊరంతా సర్దుకుంది. గెలిపించినందుకు మాత్రం మీరు జవాబు చెప్పి తీరాలి.

ఆర్లీన్ ఓక్లహోమా కరువు దుమ్ములోంచి మొగుడితో కలిసి డొక్కు కారులో కాలిఫోర్నియా చేరిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాల ఫ్యాక్టరీలో రేకులు బిగించే రివెట్లు కొట్టే పనికి కుదిరింది. యుద్ధం అయిపోయినా ఆమె పని అయిపోలేదు. వేళ్లు వంకర తిరిగేదాకా కొట్టి, పెన్షను పుచ్చుకుని బయటికొచ్చింది. తర్వాత మొగుడు డ్యూయీ పోయాడు. అతనితోపాటు అతని పెన్షను చెక్కు కూడా పోయింది. మనుషులు సగం అయితే ఖర్చూ సగం అవుతుందని లెక్కలు రాసే మహానుభావులంటారు. వాళ్లలో ఒక్కడు కూడా ట్రైలర్ పార్కులో కాపురం చేసినవాడు కాదు. ట్రైలర్, అంటే ఆ చక్రాల మీది రేకుల ఇల్లు, ఆర్లీన్‌దే. అది నిలబడ్డ నేల మాత్రం ఆమెది కాదు. నెల మొదట్లో ఆ నేలకి అద్దె కట్టాలి. కట్టలేకపోతే బేకర్స్‌ఫీల్డ్ పోయి ఆడపడుచు యూనిస్ పంచన చేరాలి.

యూనిస్ చెడ్డ మనిషి కాదు. అదే భరించలేని సంగతి. పొద్దున్నే గుడ్లు వేయించి బల్ల మీద పెట్టి, అవి చల్లారి గడ్డకట్టేదాకా కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆ ప్రార్థనలో బల్ల చుట్టూ ఉన్నవాళ్ల పాపాల్ని పేరుపేరునా దేవుడికి అప్పజెబుతుంది. సిగరెట్లు లేవు, రేడియో లేదు, వారంలో మూడుసార్లు చర్చి. ఆదివారం ఆదివారం ఫోను చేసి, "నీ గది దులిపి ఉంచానే ఆర్లీన్, దేవుడు నిన్ను ఎప్పుడు లొంగదీస్తాడో ఏమో," అనేది. దేవుడి కంటే ముందు స్థలం అద్దే లొంగదీసేలా ఉంది.

ఇలాంటి మనిషి పేకాట క్లబ్బుకి ఎందుకెళ్లిందని అడిగేవాళ్లు ఒక ఆగస్టు మధ్యాహ్నం రేకుల ట్రైలర్లో కూర్చుని మళ్లీ అడగండి. క్లబ్బులో చల్లగా ఉంటుంది. కాఫీ ఊరికే పోస్తారు. మెత్తగా ఉడికిన గొడ్డు మాంసం, మెదిపిన బంగాళాదుంప, దాని మీద చిక్కటి పులుసు, ఇదంతా బయటి ధరలో సగానికే. పక్కన కూర్చున్నవాళ్లు మాట్లాడతారు. దేశమంతా చంద్రుడి మీదికి మనిషిని పంపే పనిలో తలమునకలై ఉన్న రోజులవి. అరవై దాటినవాళ్లని పలకరించే తీరిక ఒక్క బ్లూ లాంటర్న్‌కే ఉండేది.

పలకరింపు అంటే పేరు పెట్టి కాదు. గుమ్మం దగ్గర వంతులు రాసే బోర్డు మనిషికి పొడి అక్షరాలు చెబితే సుద్దముక్కతో రాసుకునేవాడు. కుర్చీ ఖాళీ అవగానే మైకులో, "ఎ.హెచ్.! ఎ.హెచ్.! ఐదో టేబులు!" అని కేక. అంతే. కుర్చీలో కూర్చున్నాక మీ ఊరేమిటో, మీ మొగుడు ఎప్పుడు పోయాడో ఎవరికీ అక్కర్లేదు.

ఆట తేలికే. టేబులుకి ఎనిమిదిమంది, మనిషికి ఐదు ముక్కలు. చేతిలో కనీసం జాకీల జతైనా ఉన్నవాళ్లే పందెం మొదలుపెట్టాలి. తర్వాత నచ్చని ముక్కలు పారేసి కొత్తవి తీసుకోవచ్చు. మళ్లీ పందెం. ఆఖరున మిగిలినవాళ్లు ముక్కలు తిప్పి చూపిస్తారు, అందరికంటే మంచి ముక్కలున్న చెయ్యి పందెం బిళ్లల కుప్పని లాక్కుంటుంది. క్లబ్బు పందెం కాయదు, ముక్క ముట్టదు. కుర్చీ అద్దె తీసుకుంటుంది, అంతే పాపం. అరగంటకోసారి గంట మోగుతుంది, నడుముకి సంచీ కట్టుకున్న పిల్ల చిరునవ్వుతో వచ్చి ప్రతి కుర్చీ దగ్గరా అద్దె వసూలు చేసుకుపోతుంది. నువ్వు గెలిచావా, ఓడావా, నిద్రపోయావా అని అడగదు. మర్యాదస్తులు.

ఆర్లీన్ ఓడిపోయింది. ఎంత శ్రద్ధగా ఓడిపోయిందంటే, అలా ఓడిపోవడానికి ఫ్యాక్టరీ తర్ఫీదు ఉండాలి. ఆ ఫ్యాక్టరీలో రెక్క రేకుకి రివెట్లు కొట్టడం మొదలుపెట్టాక వరస పూర్తి కాకుండా ఎవరూ చెయ్యి తీయకూడదు. సగం వరస వదిలేసిన రేకుతో విమానం ఎగిరితే ఆకాశంలో మన కుర్రాళ్లు చస్తారని ఫోర్‌మన్ రోజూ అరిచేవాడు. ఆ అరుపు ఆమె ఎముకల్లోకి దిగిపోయింది. అందుకని ఏ చెయ్యి పట్టినా చివరిదాకా పట్టుకునే ఉండేది. మూడు ఆఠీను ముక్కలుంటే మిగతా రెండూ అవే వస్తాయని ఎదురుచూసేది. చిన్న జత పట్టుకుని ముగ్గురి పందేలకీ బిళ్లలు తోసేది. మొదలుపెట్టి వదిలేయడం సిగ్గుమాలిన పని కదా.

"చక్కగా ఆడారు ఎ.హెచ్. గారూ!" అనేవాడు ఆమె బిళ్లలు లాక్కుంటున్నవాడు.

"కొద్దిలో పోయింది పాపం," అనేది పక్కావిడ.

"ఇంకోసారి ఇదే చెయ్యి వస్తే మీదే!" అనేవాడు ఇంకొకడు.

ఆ టేబుళ్ల దగ్గర ఓడినవాళ్లని తిట్టడమనేది లేదు. పిచ్చి ఆట ఆడినవాళ్లని పొగడటమే ఆచారం. ఒకసారి ఒక ముసలాయన ఆగలేక, "ఆ ముక్కలతో ఎవరైనా ఉంటారా తల్లీ! అవతలాయన అసలు ముక్కే మార్చుకోలేదు, చూశావా?" అని ఆర్లీన్ మీద అరిచాడు. మేనేజరు ల్యాండ్రమ్ పరుగున వచ్చి ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకుపోయాడు. ఆయనకి ఆ రోజు భోజనం ఊరికే పెట్టించి చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత ఆయన కూడా "చక్కగా ఆడారు" అనడం నేర్చుకున్నాడు. ఆ క్లబ్బు మొత్తంలో అప్పటిదాకా ఆర్లీన్‌కి నిజం చెప్పినవాడు ఆ ఒక్కడే. అతన్ని చూసి ఆమె ఎంత మొరటు మనిషి అనుకుంది.

క్రిస్మస్ ముందు నెలకి అద్దె డబ్బులో చెయ్యి పెట్టింది. జనవరిలో పార్కు యజమాని తలుపు కొట్టాడు. "వచ్చే నెల మొత్తం కట్టాలి మిసెస్ హకబీ. లేదంటే ఆ స్థలానికి వెయిటింగులో జనం ఉన్నారు." ఆదివారం యూనిస్ ఫోను చేసి గదికి కొత్త కర్టెను కుట్టానంది.

సరిగ్గా ఆ వారమే క్యాంటీన్లో అడెలినో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. శాన్ పెద్రో రేవులో ట్యూనా చేపలు పట్టే పడవల మీద వంటవాడుగా చేసి దిగిపోయిన పోర్చుగీసు మనిషి. ఐదో టేబులులో ఎప్పుడూ ఉంటాడు, ఎప్పుడూ విసుక్కోడు.

"సెన్యోరా, ఒక మాట అడగనా? నువ్వు ముక్కలెందుకు పారెయ్యవు?"

"మొదలుపెట్టింది వదిలెయ్యడం నాకు రాదు."

"ఎక్కడ నేర్చుకున్నావిది?"

"విమానాల ఫ్యాక్టరీలో."

అడెలినో యాపిల్ పై అనే తీపి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలాడు. "ఇది విమానం రెక్క కాదమ్మా. సగంలో వదిలేస్తే ఎవరూ కూలిపోరు. పట్టుకుంటేనే నువ్వు కూలిపోతావు."

ఆర్లీన్‌కి ఒళ్లు మండింది. నిజం కాబట్టి మండింది. "అయితే ఏం చెయ్యమంటావ్, బొమ్మలా కూర్చోనా?"

"అవును, కూర్చో. డబ్బు ఖర్చుకాకుండా కూర్చోవడం రావాలి ముందు. నీ తర్వాత మాట్లాడాల్సినవాళ్లు ఎంతమంది ఉన్నారో చూసుకో. ఎక్కువమంది ఉంటే జాకీల జతని ముట్టుకోకు, పారెయ్. అందరూ మాట్లాడేశాక నీ వంతొస్తే అప్పుడు చూసుకో. నీ ముక్కలు కాదు చూడాల్సింది, వాళ్ల చేతులు. మూడు మార్చుకున్నవాడి దగ్గర జత ఉంది. ఒకటి మార్చుకున్నవాడి దగ్గర రెండు జతలున్నాయి, లేకపోతే ఆశ ఉంది. అసలు మార్చుకోనివాడి దగ్గర నీకేం పని? ఇంకోటి. జత పట్టుకుని పక్కన ఆసుని ఎందుకు దాచుకుంటావ్?"

"పెద్ద ముక్క కదా!"

"పెద్ద ముక్కే. దాన్ని దాచుకుంటే కొత్తవి మూడు రావాల్సిన చోట రెండే వస్తాయి. అందంగా ఉందని ఉంచుకున్నది నిన్ను తింటుంది. కోపమొచ్చినప్పుడు లేచి బయట ఒక సిగరెట్టు కాల్చి రా. అంతే. ఇంకేం లేదు."

ఇంకేం లేదు! ఆ తీపి రొట్టె అయిపోయేలోపు చెప్పేయగలిగిన విద్య. దాన్ని చుట్టూ ఉన్న ఏడుగురూ ఇన్నాళ్లూ నోటికి తాళం వేసుకుని దాచారు, పైగా "చక్కగా ఆడారు" అని వీపు తట్టారు.

ముక్కలు పారేయడం నేర్చుకోవడానికి ఆమెకి బోలెడు కష్టమైంది. మొదట్లో పారేసిన ప్రతిసారీ ఎవడో ఆకాశంలోంచి పడిపోతున్నట్టు అనిపించేది. గెలుపు వెంటనే రాలేదు. ముందు ఓటమి చిన్నదైంది. తర్వాత కుర్చీ అద్దె వరకే పోయేది. ఆ తర్వాత అదీ పోకుండా ఆగింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆమె ముందున్న బిళ్లలు చేతి ఎత్తున నిలబడ్డాయి. అద్దె కట్టేసింది. పార్కు యజమాని ముఖం మీద డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, అతని ముందే సిగరెట్టు వెలిగించింది. ఆదివారం యూనిస్ ఫోను చేస్తే, "ఆ కర్టెను నీ కిటికీకే కట్టుకో," అంది.

గెలిచినప్పుడు ఆర్లీన్ నవ్వేది. ఆమె నవ్వు అలాంటిలాంటిది కాదు. యంత్రాల మోతలో పనిచేసిన ఆడవాళ్లకి చిన్నగా నవ్వడం రాదు. ఆ నవ్వు క్లబ్బు దాటి, కార్లు నిలిపేచోటు దాటి, బస్టాపులో నిలబడ్డవాళ్ల చెవుల్లో పడేది. ల్యాండ్రమ్ మైకు అందుకుని, "మన ఐదో టేబులు ఎ.హెచ్. గారు మళ్లీ కొట్టారు!" అని ప్రకటించేవాడు. క్యాంటీన్లో ఆమెకి యాపిల్ పై ఊరికే. ఆమె కొత్త చెప్పులు కొనుక్కుంది. ట్రైలర్ పార్కు అంతా ఆ చెప్పుల్ని చూసింది.

చూసి ఊరుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు బస్సెక్కారు. పెన్షను ముసలాయనలు, విధవలు, మోకాళ్లు పోయిన వెయిట్రెసు. "ఆర్లీన్‌కి రెండు జతలకీ ఒకే అంకె ముక్కలు మూడింటికీ తేడా తెలిసేది కాదు. ఆవిడే గెలుస్తుంటే మనకేం తక్కువ?" అనుకున్నారు. మొదట ఓడిపోతారట, తర్వాత గెలుస్తారట, ఆర్లీన్‌కి అలాగే అయిందట. ఇంతమంది ఇంత నమ్మకంగా ఓడిపోవడం మొదలుపెట్టడం బ్లూ లాంటర్న్ చరిత్రలో ఎప్పుడూ లేదు.

ఎండలు మొదలయ్యాక ఒకరోజు ల్యాండ్రమ్ ఆమెని తన గదిలోకి పిలిచాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"మిసెస్ హకబీ, మీరు మా కుటుంబంలో మనిషి. మీకొక ఉద్యోగం ఇద్దామనుకుంటున్నాం. గంటకింత జీతం. ఆడేది మీ డబ్బుతోనే, గెలిచినా ఓడినా మీదే. మేం చెప్పిన టేబులు దగ్గర కూర్చోవాలి. కుర్చీలు ఖాళీగా ఉంటే ఆట చల్లారిపోతుంది కదా. కొత్తవాళ్లొస్తే సరదాగా పలకరించాలి. మీకున్న ఆ నవ్వు నవ్వాలి."

"నాకు జీతమిస్తున్నట్టు వాళ్లకి తెలుస్తుందా?"

"ఎందుకండీ వాళ్ల బుర్ర పాడుచెయ్యడం? అడెలినో నాలుగేళ్లుగా చేస్తున్నాడు. మీకు తెలిసిందా ఎప్పుడైనా?"

ఆర్లీన్ లేచి తిన్నగా క్యాంటీన్‌కి వెళ్లింది. అడెలినో అక్కడే ఉన్నాడు.

"నీకు జీతమిస్తారటగా."

అతను చెంచా కింద పెట్టాడు. "చెప్పేశాడా."

"నాకు నేర్పమని కూడా వాడే చెప్పాడా?"

"చెప్పాడు."

"ఎందుకు? ఓడిపోయేదాన్ని ఓడిపోనివ్వక!"

"నువ్వు ఇంకో నెలకి ఖాళీ అయిపోయేదానివి సెన్యోరా. ఖాళీ అయినవాళ్లు ఇంటికి పోతారు, కుర్చీ అద్దె పోతుంది. ల్యాండ్రమ్‌కి అప్పుడప్పుడు ఒక గెలిచే మనిషి కావాలి. జనం చూడాలిగా. ఇంతకుముందు ఒక బడిపంతులికి నేర్పించాడు నా చేత. వాడు గెలిచి, నోరు మూసుకుని, డబ్బు తీసుకుని ఇంటికి పోయేవాడు. ఏం లాభం? నిన్ను చూపించి, 'ఆవిడకి నేర్పు. ఆవిడ నవ్వితే ఊరంతా వినిపిస్తుంది,' అన్నాడు."

"థూ!"

"ఉమ్ము. నేను నేర్పింది అబద్ధమా? నీ అద్దె కట్టింది అబద్ధమా?"

అబద్ధం కాదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆర్లీన్ బయట నిలబడి రెండు సిగరెట్లు కాల్చి, బేకర్స్‌ఫీల్డ్‌లో చల్లారిన గుడ్లని తలుచుకుని, లోపలికెళ్లి ఆ ఉద్యోగంలో చేరింది. ఇక్కడ ఆమెని తిట్టాలనుకునేవాళ్లు ముందు ఆమె స్థలం అద్దె కట్టేసి వచ్చి తిట్టండి.

జీతపు ఆటగాళ్లు ఎంతమందో చేరాక గాని ఆమెకి తెలియలేదు. ఎప్పుడూ దగ్గే ముసలాయన, ఊలు అల్లుకునే ఆవిడ, కౌబాయ్ టోపీ పెట్టుకుని ప్రతిదానికీ ఆశ్చర్యపోయే మనిషి, అందరూ జీతగాళ్లే. ఒక్కోసారి ఎనిమిది కుర్చీల్లో మూడు వాళ్లవే. కొత్తగా వచ్చిన మనిషి వాళ్ల మధ్య కూర్చుని, తనలాంటివాళ్లతోనే ఆడుతున్నానని సంబరపడేది. అందరూ నవ్వుతూ పలకరించేవాళ్లు. నవ్వడం పనిలో భాగం.

అలా ఒక మధ్యాహ్నం మైకులో, "ఐ.ఎ.! ఐదో టేబులు!" అని కేక వినిపించింది. వచ్చి ఆర్లీన్‌కి కుడిపక్కన కూర్చున్నది ఇనేస్ అర్చులేటా.

ఇనేస్ పార్కులో ఆర్లీన్‌కి రెండు ట్రైలర్ల అవతల ఉంటుంది. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. మొగుడు చెట్ల కొమ్మలు కొట్టే మేస్త్రి, ఆ ఏడాదే నిచ్చెన మీంచి పడి పోయాడు. అతని ట్రక్కు ఒకటి మిగిలింది. ఆదివారాల్లో ఇనేస్ దాన్ని కడిగి, తుడిచి, నడపడం రాక అలాగే నిలబెట్టేది. అంతకుముందు ఆదివారం ట్రక్కు ఉండే చోట నూనె మరక తప్ప ఏమీ లేదని ఆర్లీన్ చూసింది. ఎందుకని అడగలేదు.

"నీ పక్కనే కుర్చీ దొరికింది చూడు!" అంది ఇనేస్. "అదృష్టం అంటుకుంటుందేమో."

"నీకిదంతా ఎందుకు ఇనేస్? లాండ్రీ ఉంది కదా."

"దుప్పట్లు మడతపెట్టి ఎవరైనా కొత్త చెప్పులు కొన్నారా?"

టేబులంతా నవ్వింది. టోపీ మనిషి అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇనేస్ ఓడిపోతూ వచ్చింది. ఆర్లీన్ వీలైనన్నిసార్లు ముక్కలు పారేసి తప్పుకుంది. కాని ఆమె తప్పుకుంటే దగ్గే ముసలాయన దగ్గు మానేసి గెలుచుకునేవాడు. గంట మోగింది. అద్దె పిల్ల వచ్చి చిరునవ్వు నవ్వి వెళ్లింది.

ఒక చేతిలో ఇనేస్ పందెం మొదలుపెట్టింది. ముక్కలు మార్చుకునే వేళ రెండే మార్చుకుంది. కొత్తవాడు చూస్తే ఆమె దగ్గర ఒకే అంకె ముక్కలు మూడున్నాయని హడలిపోతాడు. ఆర్లీన్ హడలలేదు. ఇనేస్ ఎడమ బొటనవేలు ఒక ముక్క అంచుని బుజ్జగిస్తున్నట్టు రాస్తోంది. జత పట్టుకుని, పక్కన ఆసు దాచుకుంది. అందంగా ఉందని. ఆర్లీన్ దగ్గర రాజుల జత, తొమ్మిదుల జత ఉన్నాయి. పారేద్దామనుకుంది. ఎదురుగా గోడవార ల్యాండ్రమ్ నిలబడి చూస్తున్నాడు. ఒక ముక్క మార్చుకుంది.

ఇనేస్ పందెం కాసింది. ఆర్లీన్ పెంచింది. మిగతావాళ్లు పారేశారు.

"ఇంతదాకా వచ్చాక వదిలేస్తానా? చూడాలిగా," అని ఇనేస్ బిళ్లలు తోసింది. రాణుల జత, ఆసు, రెండు పనికిరాని ముక్కలు.

ఆర్లీన్ కుప్పని లాక్కుంది. "చక్కగా ఆడావు ఇనేస్," అంది. నోరు తనంతట తానే అనేసింది.

"నిజంగానా?" ఇనేస్ ముఖం విప్పారింది. "నువ్వూ మొదట్లో ఇలాగే పోగొట్టుకున్నావు కదా ఆర్లీన్? నాకెప్పుడు తిరుగుతుందంటావు?"

తిరుగుతుందని చెప్పాలి. నవ్వాలి. జీతం అందుకే. ఆర్లీన్ ఆ ముఖం వంక చూసింది. దాని మీద నమ్మకం తప్ప ఇంకేమీ లేదు.

"తిరగదు," అంది.

"ఏంటి?"

"తిరగదు. నీకే కాదు, ఇక్కడున్న ఎనిమిదిమందిలో ఒకరికి తిరగాలంటే మిగతావాళ్లు మునగాలి. ఆ ఒక్కరు గెలిచిందీ వీళ్ల దగ్గర్నుంచే రావాలి, ఆ పిల్ల పట్టుకుపోయే అద్దే వీళ్ల దగ్గర్నుంచే రావాలి. ఆకాశంలోంచి రాలదు. నేను గెలిచిందెవరి డబ్బనుకున్నావ్? మన పార్కు వాళ్లది. ఇప్పుడు నా ముందున్నది నీ ట్రక్కు."

"నెమ్మదిగా మాట్లాడు," అంది ఊలు అల్లుకునే ఆవిడ పళ్ల మధ్య నుంచి.

"నెమ్మదిగా మాట్లాడటం నాకు రాదని వీళ్లకి తెలుసు, అందుకే పెట్టుకున్నారు! ఇనేస్, నేనిక్కడ జీతానికి కూర్చున్నాను. ఈ దగ్గే ఆయనా అంతే. ఈ టోపీ కూడా జీతమే. నీలాంటివాళ్లు రావాలని నాకు ఆట నేర్పించారు. నేను గెలవలేదు, నన్ను గుమ్మానికి బోర్డులా తగిలించారు."

ఐదో టేబులులోనే కాదు, చుట్టుపక్కల నాలుగు టేబుళ్లలోనూ పేక కలిపే చేతులు ఆగాయి. జనం తిరగబడతారని, కుర్చీలు ఎగురుతాయని ఆర్లీన్ అనుకుంది. ఆరో టేబులు నుంచి ఒక పెద్దాయన గొంతు వినిపించింది.

"ప్రసంగం అయిందా తల్లీ? అయితే ముక్కలు పంచండి. కుర్చీ అద్దె నడుస్తోంది ఇక్కడ."

వెంటనే అన్ని టేబుళ్లలోనూ పేక కలిపే చప్పుడు మొదలైంది. ల్యాండ్రమ్ వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఎంతో మర్యాదగా పట్టుకున్నాడు.

"మిసెస్ హకబీ, మీకు ఎండదెబ్బ తగిలినట్టుంది. ఇంటికెళ్లి పడుకోండి. మళ్లీ రానక్కర్లేదు. ఊళ్లో మిగతా క్లబ్బులకి కూడా ఫోను చేసి మీ ఆరోగ్యం సంగతి చెబుతాలెండి, వాళ్లూ మిమ్మల్ని శ్రమపెట్టకుండా."

ఆర్లీన్ తన ముందున్న బిళ్లలు మొత్తం ఇనేస్ వైపు తోసింది. ఇనేస్ వాటిని వెనక్కి తోసేసింది.

"నీ ముష్టి నాకొద్దు," అంది. "ఇన్నాళ్లూ రెండు ట్రైలర్ల అవతలే ఉన్నావు. బస్సెక్కుతుంటే చూశావు. అప్పుడు నోరు లేదూ నీకు?" తనవి మిగిలిన కాసిని బిళ్లలు ఏరుకుని లేచి వెళ్లిపోయింది.

ఆర్లీన్ ఆ బిళ్లల్ని టేబులు మీదే వదిలేసి లేచింది. ఎండదెబ్బ లేదు కాబట్టి నడిచే ఇంటికి వెళ్లింది.

ఆ నెలాఖరు దగ్గరపడింది. దాచిన డబ్బు దాదాపు పేకాట పెట్టుబడిగానే తిరుగుతుండేది, మిగిలినదానితో సగం అద్దె కూడా కాదు. ఆదివారం ఫోను మోగితే ఎత్తలేదు. సోమవారం పొద్దున్నే తలుపు కొట్టింది యూనిస్ కాదు, ఇనేస్. లోపలికి రాలేదు. మెట్ల కిందే నిలబడింది.

"నీ మీద కోపం పోలేదు. పోదు కూడా. మా లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ దగ్గర ఒక మనిషి మానేసింది. ముసలివాళ్లని తీసుకోరు. నీ వేళ్లు చూపించకు, జేబులో పెట్టుకో. రోజంతా నిలబడాలి."

"నిలబడతాను."

"ఆ చెప్పులతో నిలబడలేవు. వేరేవి వేసుకో."

అద్దె కట్టింది, నాలుగు రోజులు ఆలస్యంగా. జీతం సరిగ్గా దానికే సరిపోతుంది. ట్రైలర్ ఉంది, సిగరెట్టు ఉంది, రేడియో ఉంది. మడమలు వాచి రాళ్లలా ఉంటాయి. బ్లూ లాంటర్న్‌లో ఆమె కుర్చీ మాత్రం ఒక్క పూట కూడా ఖాళీగా లేదు. ల్యాండ్రమ్ అడెలినోకి ఇంకో ఆవిడని చూపించాడట. ఆవిడ గొంతు ఇంకా పెద్దదట.

జూన్‌లో క్లబ్బు లైసెన్సు గడువు పొడిగించడానికి కౌన్సిలు కూర్చుంది. ఎవరైనా మాట్లాడవచ్చని నియమం ఉంది, ఎవరూ మాట్లాడరని అలవాటుంది. ఆర్లీన్ లాండ్రీలో సగం రోజు జీతం కోయించుకుని వచ్చింది. ఇనేస్ వచ్చింది గాని పక్కన కూర్చోలేదు, వెనక వరసలో కూర్చుంది. పార్కు నుంచి ఇంకో నలుగురు వచ్చారు. ల్యాండ్రమ్ లేచి, తమ క్లబ్బు వృద్ధులకి ఎంత కాలక్షేపమో, ఎంత కాఫీ ఊరికే పోస్తున్నామో చెప్పి కూర్చున్నాడు.

ఆర్లీన్ పేరు పిలిచారు. పొడి అక్షరాలు కాదు, పేరు. ఆమె లేచింది.

అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని ల్యాండ్రమ్ అందించిన కాగితం చూశాడు. "మిసెస్ హకబీ, మీరు ఆ క్లబ్బులో గెలిచినవారని రాసుందిక్కడ. గెలిచినవాళ్లకి ఫిర్యాదేమిటండీ?"

"గెలిచాను కాబట్టే వచ్చాను. ఓడినవాళ్లు వస్తే ఏడుపంటారు మీరు."

"సరే, ఏం కావాలి మీకు? డబ్బు వెనక్కి ఇప్పించమంటారా?"

"నాకేం వద్దు. ఆట మూసెయ్యమని కూడా అనడం లేదు. ఆడేవాళ్లు ఆడుకుంటారు, ఓడేవాళ్లు ఓడతారు, అది వాళ్లిష్టం. ఎవరితో ఆడుతున్నారో తెలిసి ఓడనివ్వండి." ఆమె గొంతు హాలు దాటి బయట మెట్ల మీద కూర్చున్నవాళ్లకి వినిపిస్తోంది. "జీతానికి కూర్చున్న ప్రతి మనిషి గుండెల మీద గుర్తింపు బిళ్ల ఉండాలి, నేను క్లబ్బు మనిషిని అని, ముసలి కళ్లకి కూడా కనపడేంత అక్షరాలతో. ఏ టేబులు దగ్గర ఎంతమంది జీతపు మనుషులున్నారో గుమ్మంలో బోర్డు మీద రాయాలి, సుద్దముక్క వాళ్ల దగ్గరుంది కదా. ఎనిమిదిమంది ఒక పూట కూర్చుంటే కుర్చీ అద్దె కింద ఎంత పోతుందో దాని పక్కనే రాయాలి. ఆట నేర్పదలిస్తే గుమ్మం దగ్గరే అందరికీ నేర్పాలి, నవ్వు చూసి ఏరుకుని ఒక్కరికే కాదు. వచ్చే నెల చూద్దామనకండి, కమిటీ వేద్దామనకండి. ఇప్పుడు, మేం ఇక్కడ కూర్చుని చూస్తుండగా, లైసెన్సులో ఆ షరతులు రాయండి. రాసేదాకా సంతకం పెట్టకండి."